సెల్ టవరు, డీజిలు పొగ, కంపెనీ పద్దు

(బరంపురమున జరిగిన మన సంఘ మాసిక సమావేశములో ధాన్యవర్తకుడగు ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ నెల ఏదైన వ్యాపార విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. బియ్యము ధర, పప్పుల ధర మీకు నాకంటె ముందే తెలియుచున్నవి. అందుచేత మా మేడమీద నిలిచియున్న సెల్ టవరును గూర్చియు, టెలిఫోను కంపెనీలు తాము గాలిలోనికి విడుచు బొగ్గుపులుసు వాయువును తగ్గించుకొనుటకై వేసికొనిన ప్రణాళికను గూర్చియు మాటలాడదలచితిని. నేను మెట్రిక్ వఱకు చదివిన వర్తకుడను. నాకు తెలిసిన శాస్త్రము ఖాతా పుస్తకమొక్కటియే. ఈ విషయము కూడ తుదకు ఖాతా పుస్తకముననే తేలవలసియున్నది.

మన సభ్యులలో నాకు తెలిసి పదిమందికి పైగా ఇంటి కప్పును గాని, దొడ్డిని గాని ఇట్టి టవరులకు అద్దెకిచ్చియున్నారు. వారిలో పెక్కుమంది ఒప్పందములు త్వరలో తీరనున్నవి. నేనీ విషయమును ఎత్తుకొనుటకు అదియే కారణము.

2007లో మా నాయనగారు ఒక కంపెనీవారికి మేడ కప్పును అద్దెకిచ్చిరి. ఆ అద్దెతో మా చెల్లెలి పెండ్లి ఖర్చులో సగము తీరినది. ఆ సంగతి దాచవలసిన పని లేదు. టవరు పైనను, దానికి ప్రాణమువంటి డీజిలు జనరేటరు క్రింద పెరటిలోను అమరినవి. ఆ దినములలో కరెంటు పోవుట నిత్యకృత్యము. అది పోయిన మరుక్షణము జనరేటరు మ్రోత మొదలగును. రెండేండ్లు తిరుగకమునుపే పెరటిగోడ నల్లబడినది. మా యమ్మగారు తులసికోటను పెరటినుండి వీధివాకిటికి మార్పించిరి. ఆమెకు దగ్గు పట్టుకొనిన తరువాత నాయనగారు కంపెనీకి రెండు మూడు ఉత్తరములు వ్రాసిరి. పొగగొట్టము ఎత్తు పెంచెదమని జవాబు వచ్చినది. గొట్టము మాత్రము పెరుగలేదు.

ఇట్లు ఆ జనరేటరును తిట్టుకొనుచుండగా 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరము దాటినది. గాలి గంటకు 200 కిలోమీటర్లకు మించినది. ఆ రాత్రిని గూర్చి ఈ సభలో ఎవరికిని వర్ణించి చెప్పనక్కఱలేదు. తెల్లవారుసరికి కరెంటు స్తంభములు వరిపైరువలె పడియున్నవి. మా వీధిలో ఎనిమిది దినములు దీపము లేదు. ఆ ఎనిమిది దినములును ఆ నల్లగోడ ప్రక్కనున్న జనరేటరే మా పేటకు ఆధారమైనది. మూడవనాడు డీజిలు అయిపోవచ్చినది. చెట్లు పడి రోడ్లు మూసికొనిపోవుటచేత కంపెనీ బండి రాలేకపోయెను. మా దుకాణపు కుఱ్ఱవాండ్రు ఇద్దరు పెట్రోలు బంకు వఱకు నడచిపోయి రెండు డబ్బాలు భుజాన మోసికొని వచ్చిరి. ఆ సాయంకాలము మా అరుగు నిండ జనము. సూరతు మిల్లులలో పనిచేయు కుమారునితో ఒకరు, విశాఖపట్టణముననున్న కూతురితో ఒకరు "బ్రదికియున్నాము" అను మాటను చెప్పుకొని వెడలిరి. మా యమ్మగారు దగ్గుచునే వారికి మజ్జిగ ఇచ్చుచుండెను.

ఇచ్చటనే చిక్కు కలదు. సముద్రము వేడెక్కిన కొలది తుపానులు మరింత బలము కూడగట్టుకొనునని వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 2018లో తిత్లీ, 2019లో ఫణి మన యొడిశా వారికి ఆ పాఠమును మరల చదివించినవి. సముద్రమును వేడెక్కించు పొగలో మా పెరటి పొగయు ఒక వంతు. తుపాను వచ్చిననాడు మనుష్యులకు మాట కలిపినదియు ఆ పొగ విడుచు యంత్రమే. కావున జనరేటరును ఊడబెరికి పారవేయుడని నేను చెప్పుటకు రాలేదు. అది ఏటికి ఎనిమిది దినములు మాత్రమే తిరుగునట్లు చేయవచ్చునా అన్నది నా ప్రశ్న.

ముందుగా దేశపు లెక్క వినుడు. టెలిఫోను రంగమును నియంత్రించు ట్రాయ్ సంస్థ 2011లో ఈ విషయమై సిఫారసులు చేసినది. అప్పటికి దేశమున మూడు లక్షలకు పైగా టవరులుండెను. అవి ఏటికి సుమారు 200 కోట్ల లీటర్ల డీజిలును కాల్చుచున్నవనియు, అందువలన సుమారు 53 లక్షల టన్నుల బొగ్గుపులుసు వాయువు పుట్టుచున్నదనియు నాటి అంచనా. నేను గల్లాపెట్టె ముందు కూర్చుండి భాగించి చూచితిని. టవరొక్కంటికి దినమునకు ఇంచుమించు పదునెనిమిది లీటర్లు పడినది. లీటరు డీజిలు కాలినచో సుమారు 2.7 కిలోల వాయువు పుట్టును. లీటరు డీజిలు కిలోకు తక్కువ తూగునుగదా, అందుండి రెండున్నర కిలోలకు మించిన వాయువెట్లు వచ్చునని నాకును సందేహము కలిగినది. డీజిలులోని కర్బనము మండునపుడు గాలిలోని ప్రాణవాయువును తనతో కలుపుకొనును. తూకములో ఎక్కువ భాగము ఆ ప్రాణవాయువుదే. మా పిల్లవాని బడి పుస్తకము చూచి ఈ సంగతి నేర్చుకొంటిని.

ఆ సిఫారసుల మీద 2012 జనవరిలో కేంద్ర టెలికాం శాఖ ఉత్తరువు వెలువడినది. 2015 నాటికి గ్రామములలోని టవరులలో సగము, పట్టణములలో అయిదవ వంతు, సౌరశక్తి మొదలగు వానిని కరెంటుతో జోడించి నడుపవలెననియు, 2020 నాటికి ఈ వంతులు నూటికి 75, 33 కావలెననియు అందులో కలదు. ఉత్తరువులు కాగితముమీద చక్కగానే యుండును. నా అభిప్రాయము అడిగినచో, కంపెనీలను ఆ కాగితము కంటె డీజిలు ధరయే ఎక్కువ కదిలించినదందును. 2013 జనవరినుండి ధర నెలనెలకు కొంచెముగా పెరిగినది. 2014 అక్టోబరులో ప్రభుత్వము డీజిలు ధరపై తన అదుపును పూర్తిగా వదలుకొన్నది. అంతకు పూర్వము మా పెరటిని చూచుటకు రాని ఇంజనీరులు ఆ తరువాత నెలకొకమారు రాసాగిరి.

ఇక కంపెనీల ప్రణాళికలు. అన్నింటిని గూర్చి చెప్పుటకు సమయము చాలదు గనుక భారతీ ఎయిర్‌టెల్ వారి దానిని ఉదాహరణగా తీసికొనుచున్నాను. అది అంకెలతో సహా బహిరంగముగా ప్రకటింపబడినది. నా పెరటి ఫిర్యాదునకును దీనికిని సంబంధము లేదని మనవి. 2021లో వారు చెప్పినది ఇది: 2020-21 సంవత్సరపు లెక్కను మొదలుగా పెట్టుకొని, 2030-31 నాటికి తమ స్వంత పద్దులోని ఉద్గారములను నూటికి 50.2 వంతున, ఇతరుల ద్వారా కలుగు వానిని నూటికి 42 వంతున తగ్గింతుము. 2050 నాటికి నికరమున సున్నకు తెత్తుము. ఇట్టి లక్ష్యములను పరిశీలించు ఒక అంతర్జాతీయ సంస్థ దీనిని ఆమోదించినది.

వారి పద్దున మూడు ఖాతాలు కలవు. తమ జనరేటరులలోను, బండ్లలోను తాము స్వయముగా కాల్చినది మొదటిది. కొనుక్కొనిన కరెంటు కొఱకు ఎక్కడనో బొగ్గు కాలినది రెండవది. యంత్రములు తయారుచేయువారు, సరకులు మోయువారు మొదలగు పరుల చేత కాలినది మూడవది. వర్తకులకు ఇది కొత్త కాదు. నా గిడ్డంగిలో చెడిన బస్తా నా నష్టము. మిల్లులో చెడినదియు చివరకు నా ధరలోనే కలియును.

ఇందు నా దృష్టి నాకర్షించినది ఏబది శాతమను అంకె కాదు. అది మొత్తము మీద లెక్కించిన తగ్గింపగుట. టెలిఫోను కంపెనీలు సాధారణముగా "ఇంత సమాచారము పంపుటకు ఇంత వాయువు" అను పడికట్టున లెక్క చెప్పుటకు ఇష్టపడును. ఆ లెక్కన ఎవరైనను గెలువగలరు. ఏలననగా 2014లో మన దేశమున ఒక్కొక్క చందాదారుడు నెలకు ఒక జీబీలో పదవ వంతైనను వాడలేదు. 2024 నాటికి అది ఇరువది జీబీలు దాటినది. బస్తాకు తరుగు సగము తగ్గించితినని గుమాస్తా చెప్పవచ్చును. బస్తాలు పదిరెట్లయిన యేడు మొత్తము తరుగు అయిదు రెట్లయి కూర్చుండును. కావున వాడకము ఇట్లు పెరుగుచున్న కాలమున మొత్తమునే సగమునకు దింపుదుమనుట చిన్న మాట కాదు. మాట నిలుచునో లేదో 2031లో చూతము. అంతవఱకు ప్రతి సంవత్సరమును వారి నివేదికలో జీబీ లెక్కను విడిచి టన్నుల లెక్కను చదువవలెనని మన కళాశాల పిల్లలకు చెప్పుచున్నాను.

ఎట్లు తగ్గింతురు? కరెంటు సరిగా వచ్చుచున్నచోట జనరేటరును ఆపివేయుట మొదటి పని. అయితే ఇందులో ఒక మర్మమున్నది. టవరు క్రింది జనరేటరు లీటరు డీజిలుకు మూడు, మూడున్నర యూనిట్ల కరెంటు నిచ్చును. అనగా యూనిటుకు ఎనిమిది వందల గ్రాములు, ఒక్కొక్కప్పుడు తొమ్మిది వందల గ్రాములు వాయువు. మన దేశపు కరెంటులో అధికభాగము బొగ్గుతో పుట్టుటచేత దాని యూనిటుకును సుమారు ఏడు వందల గ్రాములు పడుచున్నది. తాల్చేరు పొగగొట్టములను చూచినవారికి దీనిని వేరుగా నిరూపింపనక్కఱలేదు. డీజిలునుండి కరెంటుకు మారుటవలన కంపెనీకి డబ్బు బాగుగా మిగులును, మా యమ్మగారి దగ్గు తగ్గును. ఆకాశమునకు మిగులునది స్వల్పము. పొగ మా పెరటినుండి తాల్చేరుకు, మొదటి ఖాతానుండి రెండవ ఖాతాకు మారినది, అంతే.

నిజమైన తగ్గుదల రెండు చోట్ల కలదు. ఒకటి, అసలు కరెంటు వాడకమునే తగ్గించుట. పూర్వము టవరు యంత్రములను ఒక చిన్న గదిలో పెట్టి రేయింబవళ్లు ఏసీ నడిపెడివారు. యంత్రములకంటె సీసపు బ్యాటరీలు వేడికి త్వరగా చెడుననియే ఆ మర్యాద. మా మేడమీద అట్టి గది యుండెను; వేసవిలో మేము క్రింద విసనకఱ్ఱలతో నుండగా పైన బ్యాటరీలు చల్లగా నుండెడివి. ఇప్పుడు ఎండకు వానకు తట్టుకొను పెట్టెలలో యంత్రములను బయటనే నిలుపుచున్నారు. లిథియం బ్యాటరీలు వేడిని మరికొంత సహించును, త్వరగా నిండును. కరెంటు పోయిన రెండు మూడు గంటలును జనరేటరు అక్కఱలేకయే గడచును. రాత్రి మాటలాడువారు లేనప్పుడు పరికరములలో కొన్నింటిని నిద్రపుచ్చుటయు, ఒక్క టవరుమీదనే పలు కంపెనీలు కాపురముండుటయు, పాతకాలపు యంత్రములను తీసివేయుటయు తక్కిన మార్గములు. ఎయిర్‌టెల్ వారు తమ మూడవ తరపు సేవను 2019లో కలకత్తాతో మొదలుపెట్టి మూసివేసినది ఈ చివరి మార్గమునకు ఉదాహరణము. అదంతయు భూమికొఱకే చేసిరని నేననను. తరంగములను నాల్గవ తరమునకు మరలించుకొనుట వారికి లాభము. లాభమును పుణ్యమును ఒకేచోట దొరికినచో వర్తకుడు కాదనడుగదా.

రెండవది, సూర్యుని కరెంటు. టవరులకు ఫలకములతోను, సమాచార నిలయములను పెద్ద భవనములకు దూరమున నిర్మించిన సౌరకేంద్రములతోను దీనిని సమకూర్చుచున్నారు. ఎక్కడో పుట్టిన కరెంటు ఈ భవనమునకు వచ్చినదని ఎట్లు నమ్ముటయని మొన్న మన కోశాధికారిగారు అడిగిరి. మన తాతలు నడిపిన హుండీ వంటిదే ఇది. ఒక ఊరిలో చెల్లించిన సొమ్ము మరియొక ఊరిలో చేతికందును. ఆ రూపాయలే ప్రయాణము చేయవు. అక్కడ తీగలలోనికి ఎన్ని యూనిట్లు పోసిరో ఇక్కడ అన్ని యూనిట్లు తీసికొందురు. హుండీ వెనుక నిజమైన సొమ్ముండవలెను, ఇచ్చట నిజముగా కొత్తగా కట్టిన సౌరకేంద్రముండవలెను. ఎవరో ఎప్పుడో కట్టినదాని పత్రమును మాత్రము కొని పద్దున వ్రాసికొనువారిని నేను అంతగా లెక్కింపను.

ఇంకొక చిక్కు కూడ చెప్పవలెను. టవరు ఒక సంస్థది, దానిపై యంత్రము మరియొక సంస్థది, డీజిలు పోయువాడు గుత్తేదారు. పొగ ఎవరి ఖాతాలో పడవలెను? దేశమున పెద్ద టవరుల సంస్థయైన ఇండస్ టవర్స్ 2024 నవంబరులో ఎయిర్‌టెల్ వారికి అనుబంధ సంస్థయైనది. ఇట్టి మార్పు వచ్చినప్పుడు నిన్నటివఱకు పరుల పద్దులో నున్నది స్వంత పద్దులోనికి రావలెను. సంవత్సరమునకు సంవత్సరమును పోల్చి చూచువారు ముందుగా రెండేండ్లకును ఖాతా గీతలు ఒకేచోట నున్నవో లేవో చూచుకొనవలెను. భాగస్థులు మారిన యేడు దుకాణపు లాభనష్టములను పోల్చుటలో మనము పడు జాగ్రత్తయే ఇది.

డీజిలు లెక్కయనగా నాకు మరియొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. 2016 నుండి మా పెరటిలో దింపిన డబ్బాలను నేను దుకాణపు చిఠ్ఠాలో వ్రాసికొనుచున్నాను. ఆ యేడు నెలకు సుమారు మూడు వందల లీటర్లు నా లెక్క. టవరు వద్ద వ్రేలాడు రిజిస్టరులో నాలుగు వందలకు పైగా నుండెడిది. మిగిలిన వంద లీటర్లు ఏ జనరేటరున మండెనో, ఏ లారీలో తిరిగెనో గుత్తేదారునకే తెలియవలెను. కంపెనీవారు పొగ లెక్క కట్టునపుడు ఆ వంద లీటర్లను కూడ మా పెరటికే వ్రాసియుందురు. 2022లో ఏసీ గది తీసివేసి, లిథియం బ్యాటరీలు అమర్చినారు. నిరుడు నా చిఠ్ఠాలో నెలకు నలుబది లీటర్లు దాటలేదు. రిజిస్టరులోను నలుబదియే యున్నది. దానిని చూచి నాకు మరింత సంతోషము కలిగినది.

ఇక మన పని. ఒప్పందము తిరిగి వ్రాయు సమయమున మనము ఇంతవఱకు ఒక్కటే అడుగుచుంటిమి, అద్దె. నేను దానితోపాటు మరికొన్ని అడుగదలచితిని. నెలకు ఎన్ని లీటర్ల డీజిలు వచ్చినదో ఇంటివారికి వ్రాతమూలకముగా తెలుపవలెను. కరెంటు లోడు చాలనిచోట దానిని పెంచుకొనవలెను. జనరేటరును తీసివేయక, తుపాను దినములకై డీజిలు నిలువతో సహా సిద్ధముగా నుంచి, నెలకొకమారు పరీక్షకు మాత్రము నడుపవలెను. మన వంతుగా సౌరఫలకములకు కప్పుమీద చోటు ఇయ్యవలెను.

ఈ చివరిమాట విని మన సభ్యులొకరు, "చోటిచ్చి అద్దె అడుగకుండుట వర్తకమా?" అనిరి. వారి కోపమున న్యాయము లేకపోలేదు. నేను లెక్క వేసితిని. ఒక కిలోవాటు ఫలకములు దినమునకు ఇంచుమించు నాలుగు యూనిట్లిచ్చును, దానికి నూరు చదరపు అడుగుల వఱకు కప్పు కావలెను. మా టవరునకు దినమునకు అఱువది యూనిట్లు కావలెనని ఇంజనీరు చెప్పెను. అయిదు వందల చదరపు అడుగులిచ్చినను ఇరువది యూనిట్లు, మూడవ వంతు. రెండేండ్లకొకమారు ఠాకురాణీ యాత్ర జరుగు దినములలో ఊరు నిండినపుడు ఆ మూడవ వంతును ఉండదు. ఇది అద్భుతమేమియు కాదు. అయినను ఆ ఇరువది యూనిట్లే పూర్తిగా పొగలేనివి. తక్కినవన్నియు ఒక చోటి పొగను మరియొక చోటికి పంపునవి. చోటునకు నామమాత్రపు అద్దె అడుగుటకు నాకభ్యంతరము లేదు. ఎక్కువ అడిగినచో వారు ఫలకములు మాని డీజిలునకే మరలుదురేమోయని నా భయము.

ఆ అయిదు వందల అడుగులును మా యమ్మగారు వడియములు పెట్టుకొను చోటు. ఆమెను అడుగక సభలో మాట ఇచ్చుట ధర్మము కాదని నిన్న రాత్రి అడిగితిని. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. "తూర్పువైపు నాకు విడువుము, పడమర వారికిమ్ము" అని చివరకు తీర్పు చెప్పినది. కావున నేనియ్యగలిగినది మూడు వందల అడుగులే.

మన ఒప్పందములన్నియు ఆంగ్లమున నున్నవి. మా నాయనగారు తమ దానిపై సంతకము చేసిననాడు అందలి జనరేటరు షరతును ఎవరును వారికి చదివి వినిపింపలేదు. కావున వచ్చు ఆదివారము ఉదయము పదిగంటలకు మన సంఘ మందిరమున టవరు ఒప్పందములు గలవారందరును తమ తమ నకళ్లతో రావలెనని ప్రార్థించుచున్నాను. మన సభ్యులలోని న్యాయవాదిగారు ఒక్కొక్క షరతును తెలుగున చెప్పుటకు ఒప్పుకొనిరి. కరెంటు రసీదులు కూడ తెండు. మా ఒప్పందము వచ్చే నెలాఖరుతో తీరును గనుక మొదట మా పత్రమునే చదివింతము.